కాయిన్‌జాయిన్ ఎన్ని రౌండ్లు తిప్పితే చాలు?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. మీరు విదేశీ క్లయింట్లకు వెబ్‌సైట్లు చేసి పెడతారు. అందులో ఇద్దరు బిట్‌కాయిన్‌లో చెల్లిస్తున్నారు. వాళ్లలో ఒకాయన మీరిచ్చిన అడ్రస్ పట్టుకుని మీ దగ్గర మొత్తం ఎంత ఉందో చూసి, ఇంత ఉన్నప్పుడు రేటు తగ్గించొచ్చు కదా అని బేరం మొదలుపెట్టాడు. ఆ టెన్షన్‌తో మీరు 0.13 బిట్‌కాయిన్‌ను కాయిన్‌జాయిన్‌లో, అంటే ఏది ఎవరిదో తెలియకుండా పలువురి కాయిన్లను ఒకే లావాదేవీలో కలిపే పద్ధతిలో, వేసి మూడు రౌండ్లు తిప్పారు. ఇరవై రౌండ్లు తిప్పితే తప్ప లాభం లేదని ఒక స్నేహితుడు అన్నారు. కాయిన్లు పంపితే వేరేవి తిరిగి పంపే సైట్ ఏదో ఉంది, అది వాడమని ఇంకొకరు అన్నారు. ఏది చేయాలని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ అవసరానికి మూడు రౌండ్లు చాలు. ఇరవై తిప్పినా, ఆ తర్వాత ఖర్చు పెట్టేటప్పుడు ఒక్క పొరపాటు చేస్తే అన్ని రౌండ్లూ వృథా. ఆ సైట్ జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. రౌండ్ల లెక్క మీద ఉన్నంత శ్రద్ధ మిగతా వాటి మీద లేక నష్టపోయిన వాళ్లను చాలామందిని చూశాను.

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. పేరు, ఊరు, ఎంత ఇచ్చారు, అన్నీ వరసగా రాస్తారు. బ్లాక్‌చెయిన్ అలాంటి పుస్తకమే. పేర్ల బదులు అడ్రస్‌లు ఉంటాయి, అంతే తేడా. 2009 జనవరి 3న రాసిన మొదటి పేజీ నుంచి ఈ రోజు పేజీ దాకా ఎవరైనా తిరగేయొచ్చు. మీ వాలెట్ తెర మీద 0.13 అని ఒకే అంకె కనిపిస్తుంది గానీ, లోపల ఉండేవి విడివిడి నోట్లు. ఏ నోటు ఏ లావాదేవీ నుంచి పుట్టిందో ఆ పుస్తకంలో ఉంటుంది. మీరు రెండు నోట్లు కలిపి ఒక చెల్లింపు చేస్తే, ఆ రెండూ ఒకే జేబులోవని చూసేవాళ్లందరికీ తెలిసిపోతుంది. ఇది ఎవరో తర్వాత కనిపెట్టిన లోపం కాదు. 2008లో బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో విడుదల చేసిన మొదటి పత్రంలోనే, గోప్యత గురించిన పదో భాగంలో, ఇలా కలిపి చెల్లిస్తే ఒకరివేనని బయటపడక తప్పదని రాసి ఉంది. 2013లో అమెరికా పరిశోధకులు సారా మెయికిల్‌జాన్, ఆమె సహచరులు ఇదే సూత్రంతో లక్షల అడ్రస్‌లను గుంపులుగా కట్టి, ఏ గుంపు ఏ సంస్థదో చూపించారు. ఇప్పుడు విశ్లేషణ కంపెనీలు చేసే పనికి పునాది అదే. మీ క్లయింట్ చూసింది కూడా ఇదే. మీరు పాత అడ్రస్‌నే మళ్లీ ఇచ్చి ఉంటారు, లేదా పాత నోట్లన్నీ కలిపి ఒకసారి ఎక్కడికో పంపి ఉంటారు.

ఈ సూత్రాన్ని తప్పించడానికి గ్రెగరీ మాక్స్‌వెల్ 2013 ఆగస్టులో కాయిన్‌జాయిన్‌ను ప్రతిపాదించారు. ఒకరినొకరు ఎరగని కొందరు కలిసి ఒకే లావాదేవీ తయారు చేస్తారు. ఎవరి భాగం మీద వాళ్లే సంతకం పెడతారు. తనకు రావలసింది తన కొత్త అడ్రస్‌కు సరిగ్గా వస్తోందని చూసుకున్నాకే సంతకం పెడతారు కాబట్టి మధ్యలో ఎవరూ కాయిన్లు కొట్టేయలేరు. అసలు కిటుకు సమానమైన మొత్తాల్లో ఉంది. పెళ్లిలో పది కవర్లలోనూ 1,116 రూపాయలే ఉంటే, కవర్ల మీద పేర్లు లేనప్పుడు ఏది ఎవరిదో చెప్పలేం. ఒకరు 3,450 పెడితే ఆ కవర్ దూరం నుంచే తెలిసిపోతుంది. అందుకే కాయిన్‌జాయిన్‌లో అందరూ 0.05 అనో 0.01 అనో ఒకే కొలత తీసుకుంటారు.

ఇక రౌండ్లు. ఐదుగురు ఐదు సమాన కాయిన్లు వేసి ఐదు తీసుకునే పద్ధతి తీసుకుందాం. సమురాయ్ వాలెట్ వాళ్ల కాయిన్‌జాయిన్ సేవ వర్ల్‌పూల్‌లో ఇదే ఉండేది. ఒక్క రౌండ్ అయ్యాక మీ కాయిన్ ఐదింటిలో ఏదైనా కావచ్చు. రెండో రౌండ్‌లో కొత్త నలుగురితో కలిస్తే, అంతా అనుకూలిస్తే 25. మూడో రౌండ్‌కు 125. ఇలా ఐదు చొప్పున గుణించుకుంటూ పోతే ఇరవయ్యో రౌండ్‌కు 95 లక్షల కోట్లు దాటుతుంది. ప్రపంచ జనాభాకు పది వేల రెట్ల పైమాట. అన్ని కోట్ల మంది ఆ పూల్‌లో, అంటే ఒకే కొలత కాయిన్లు కలుపుకునే గుంపులో, లేరు. ఆ పూల్‌లో నిజంగా తిరుగుతున్న మనుషులు ఎందరో మీ గోప్యతకు అదే గరిష్ఠ హద్దు. మొదటి రెండు మూడు రౌండ్లలో లాభం వేగంగా పెరుగుతుంది. తర్వాత పాతవాళ్లే మళ్లీ మళ్లీ ఎదురవుతారు, పెరుగుదల మందగిస్తుంది. ఒకే సాయంత్రం వరసగా ఇరవై తిప్పడం కన్నా రెండు మూడు వారాల మీద నాలుగు రౌండ్లు తిప్పితే మేలు. వేర్వేరు రోజుల్లో వేర్వేరు మనుషులు వస్తారు. మీరు ఆపేశాక కూడా, మీతో కలిసిన వాళ్లు వాళ్ల కాయిన్లను మళ్లీ తిప్పుకుంటూ పోతే మీ చుట్టూ గుంపు పెరుగుతూనే ఉంటుంది. ఓపికగా ఉండటం కూడా ఒక రౌండే అని నేను కొత్తవాళ్లకు చెబుతుంటాను.

ఇంకో ప్రమాదం ఉంది. ఐదుగురిలో నలుగురు నిజానికి ఒకరే అయితే? కాయిన్లు బాగా ఉన్న వాడు ఒకడే నలుగురిలా వచ్చి మీ పక్కన కూర్చుంటే, వాడికి తనవి కానిది ఒక్కటే మిగులుతుంది. అది మీది. అదే చోట, అదే నిర్వాహకుడి దగ్గర ఇరవై రౌండ్లు తిప్పినా ఈ సమస్య తీరదు. జాయిన్‌మార్కెట్ అనే మరో కాయిన్‌జాయిన్ వ్యవస్థలో దీన్ని ఖరీదైన పనిగా మార్చడానికి ఫిడెలిటీ బాండ్లు తెచ్చారు. కొన్ని కాయిన్లను చాలాకాలం తాళం వేసి పెట్టిన వాళ్లకే ఎక్కువ అవకాశం దక్కేలా చేశారు. నేను కొన్నేళ్లు అక్కడ మేకర్‌గా నడిపాను, అంటే ఇతరుల మిక్సింగ్‌కు (ఇలా కాయిన్లు కలిపి తిప్పడానికి) నా కాయిన్లు అందుబాటులో ఉంచి చిన్న ఫీజు తీసుకునేవాడిని. ఆదాయం ఏమంత ఉండదు. కానీ ఎవరు కోరితే వాళ్లతో, ఎప్పుడు పడితే అప్పుడు కలుస్తూ ఉండటం వల్ల నా కాయిన్లు కూడా వాటంతట అవే తిరిగేవి.

ఫీజు లెక్క కూడా చూసుకోండి. సెగ్విట్ అనే కొత్త రకం అడ్రస్‌తో ఒక ఇన్‌పుట్‌కు (లోపలికి వేసే కాయిన్), ఒక ఔట్‌పుట్‌కు (తిరిగి వచ్చే కాయిన్) కలిపి సుమారు 100 వర్చువల్ బైట్లు పడుతుంది. బైట్‌కు 20 సాతోషీల (బిట్‌కాయిన్‌లో అతి చిన్న ముక్కల) రేటు ఉన్న రోజు, మీ ఫీజు మీరే కట్టుకునే పద్ధతిలో రౌండ్‌కు 2,000 సాతోషీలు. పది రౌండ్లకు 20,000. మీది 0.001 బిట్‌కాయిన్ కాయిన్ అయితే, అంటే లక్ష సాతోషీలు, ఐదో వంతు ఫీజుకే పోయింది. చిన్న కాయిన్లను ఎక్కువ రౌండ్లు తిప్పడం గిట్టుబాటు కాదు.

ఇప్పటిదాకా చెప్పింది మిక్సింగ్ లోపలి సంగతి. అసలు నష్టం జరిగేది బయటికి వచ్చాక.

మీ 0.13నే తీసుకుందాం. 0.05 కొలతలో రెండు కాయిన్లు లోపలికి వెళ్లాయి. మిగిలిన 0.03, ఫీజులు పోను, చిల్లరగా మీకు తిరిగి వచ్చింది. ఆ చిల్లర మిక్స్ కాలేదు. 0.13 యజమానిదేనని పుస్తకం మీద స్పష్టంగా ఉంది. రేపు మీరు 0.07 చెల్లించాల్సి వచ్చింది అనుకోండి. వాలెట్‌ను దాని మానాన వదిలేస్తే, మిక్స్ అయిన ఒక 0.05ను, ఈ 0.03 చిల్లరను కలిపి పంపేస్తుంది. ఆ ఒక్క క్లిక్‌తో 0.05 కూడా మీదేనని తేలిపోతుంది. దాని వెనక మూడు రౌండ్లున్నా, ముప్పై రౌండ్లున్నా ఒక్కటే. నా దృష్టిలో కాయిన్‌జాయిన్ వాడేవాళ్లు చేసే పొరపాట్లలో ఇది మొదటిది, అత్యంత సాధారణమైనది. చిల్లరను అదే రోజు వేరుగా లేబుల్ పెట్టి, వాలెట్‌లో ఫ్రీజ్ చేసి, అంటే ఖర్చు కాకుండా ఆపేసి, పక్కన పెట్టండి. తర్వాత దాన్ని అదే క్లయింట్‌కు రీఫండ్ ఇవ్వడానికో, ఆ 0.13 మీదని ఇప్పటికే తెలిసిన వాళ్లకు చెల్లించడానికో వాడొచ్చు. లేదా లైట్నింగ్ (చిన్న చెల్లింపులను బ్లాక్‌చెయిన్ బయట జరిపే వ్యవస్థ) చానెల్‌లోకి మార్చుకోవచ్చు.

రెండో పొరపాటు కాస్త సూక్ష్మం. ఈసారి చిల్లర కలపలేదు, మిక్స్ అయిన రెండు 0.05లనే కలిపి 0.07 చెల్లించారు. తప్పేముంది అనిపిస్తుంది. కానీ విడివిడిగా చూస్తే, మొదటి కాయిన్ వెనక ఒక గుంపు అనుమానితులున్నారు, రెండో కాయిన్ వెనక మరో గుంపు. రెండూ ఒకరివేనని మీరే చూపించారు కాబట్టి, చూసేవాడు రెండు గుంపుల్లోనూ ఉన్నవాళ్లెవరని వెతుకుతాడు. మొదటి గుంపులో 125 మంది, రెండో గుంపులో 125 మంది ఉండొచ్చు. రెండింటిలోనూ ఉన్నవాళ్లు ముగ్గురే కావచ్చు, ఒక్కోసారి ఒక్కరే, అది మీరే. మూడో కాయిన్ కూడా కలిపితే ఇక చెప్పక్కర్లేదు. 2017లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టీవెన్ గోల్డ్‌ఫెడర్, హ్యారీ కలోడ్నర్, డిలన్ రైస్‌మన్, అర్వింద్ నారాయణన్ ఈ దాడిని వివరంగా రాశారు. కాయిన్‌జాయిన్ వాడినా, ఆన్‌లైన్ దుకాణాల్లో చేసిన కొద్ది చెల్లింపులు దొరికితే చాలు, పాత వాలెట్‌ను పట్టుకోవచ్చని చూపించారు. దుకాణాల వెబ్‌సైట్లు మూడో పక్షాల ట్రాకర్లకు చెల్లింపు వివరాలు వదిలేస్తున్నాయని కూడా వాళ్లు కనుగొన్నారు. అంటే మీ కాయిన్‌కు, మీ బ్రౌజర్ కుకీకి పెళ్లి చేస్తున్నది ఆ దుకాణమే.

అందుకే మిక్స్ అయిన కాయిన్లను వీలైనంత వరకు ఒక్కొక్కటిగా ఖర్చు పెట్టండి. చెల్లించాల్సింది 0.05 కన్నా ఎక్కువైతే రెండు విడతలుగా, వేర్వేరు అడ్రస్‌లకు, వేర్వేరు రోజుల్లో పంపండి. ఒక కాయిన్ మొత్తం ఖర్చు కాకపోతే వచ్చే చిల్లరను మళ్లీ మిక్సింగ్‌లో వేయండి, లేదా ఆ చెల్లింపు అందుకున్న వాళ్లకు మీరెవరో ఇప్పటికే తెలుసని గుర్తుపెట్టుకుని ఆ లెక్కనే వాడండి. ప్రతి కాయిన్‌కు "ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, నాదని ఎవరికి తెలుసు" అని రెండు ముక్కలు రాసుకోండి. స్పారో, ఎలక్ట్రమ్, వాసాబి వాలెట్లు అన్నింటిలోనూ లేబుల్ పెట్టుకునే వీలుంది. నాకు ఈ అలవాటు వచ్చాకే మిక్సింగ్ నిజంగా పనికొచ్చింది.

పుస్తకం బయట కూడా మీ ఆనవాళ్లు ఉంటాయి. ఫోన్ వాలెట్ చాలావరకు ఎవరో ఒకరి సర్వర్‌ను అడిగి మీ బ్యాలెన్స్ తెచ్చుకుంటుంది. అలా అడిగేటప్పుడు మీ అడ్రస్‌లన్నీ ఒకే వరసలో ఆ సర్వర్‌కు చేరతాయి. సమురాయ్ విషయంలో ఇదే బాధాకరం. సొంత నోడ్ (ఆ పుస్తకం మొత్తాన్ని మన కంప్యూటర్‌లోనే ఉంచి చూసుకునే ప్రోగ్రాం) పెట్టుకోని వాళ్ల ఎక్స్‌పబ్, అంటే ఆ వాలెట్ అడ్రస్‌లన్నీ లెక్కగట్టగల తాళం చెవి, కంపెనీ సర్వర్‌కు వెళ్లేది. 2024 ఏప్రిల్‌లో అమెరికా అధికారులు వ్యవస్థాపకులు కియోన్ రోడ్రిగెజ్, విలియం లోనర్గన్ హిల్‌లను అరెస్టు చేయించి, సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. లైసెన్సు లేకుండా డబ్బు బదిలీ వ్యాపారం నడిపే కుట్ర నేరాన్ని ఇద్దరూ 2025లో ఒప్పుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో రోడ్రిగెజ్‌కు ఐదేళ్లు, హిల్‌కు నాలుగేళ్లు జైలు శిక్ష పడింది. ఎక్స్‌పబ్ వేరేవాళ్ల చేతిలో ఉన్నవాళ్లు ఎన్ని రౌండ్లు తిప్పినా, ఆ సర్వర్ చూడగలిగిన వాళ్ల ముందు దాచింది ఏమీ లేదు. పాత కంప్యూటర్ ఒకటి ఉంటే సొంత నోడ్ పెట్టుకోండి, మన ఇంటర్నెట్ చిరునామాను దాచే టార్ నెట్‌వర్క్ మీదుగా కనెక్ట్ అవ్వండి. ఈ ఒక్క పని పది అదనపు రౌండ్ల కన్నా విలువైనది.

వాసాబి నడిపిన జడ్‌కే‌స్నాక్స్ కంపెనీ కూడా 2024 జూన్ 1న తన కోఆర్డినేటర్‌ను, అంటే కాయిన్‌జాయిన్ రౌండ్లకు అందరినీ కలిపే సర్వర్‌ను, మూసేసింది. వాలెట్ ఉంది, కానీ ఇప్పుడు కోఆర్డినేటర్‌ను మీరే ఎంచుకోవాలి. ఎవరో ఇచ్చిన లింక్ పెట్టేసుకోకుండా, ఎంత ఫీజు తీసుకుంటారో, రౌండ్‌కు ఎంతమంది వస్తున్నారో చూశాకే వాడండి.

ఇక మీ రెండో మిత్రుడు చెప్పిన సైట్. కాయిన్‌జాయిన్‌లో కాయిన్ మీ చేతి నుంచి జారదు. ఆ సైట్లలో మాత్రం కాయిన్ వాళ్లకు ఇచ్చేస్తారు, వాళ్లు వేరేది పంపుతారన్న నమ్మకం మీద బతుకుతారు. పంపకపోతే అడిగే దిక్కు లేదు. పంపినా, ఎవరు ఏది ఇచ్చారో ఏది తీసుకున్నారో వాళ్ల దగ్గర ఉంటుంది. అలాంటి సైట్ చిప్‌మిక్సర్‌ను 2023 మార్చిలో జర్మనీ, అమెరికా అధికారులు మూసివేసినప్పుడు 7 టెరాబైట్ల డేటా దొరికింది. 2011 నుంచి పదేళ్లు నడిచిన అలాంటి మరో సైట్ బిట్‌కాయిన్ ఫాగ్ కేసులో దాన్ని నడిపిన రోమన్ స్టెర్లింగోవ్‌కు 2024 నవంబర్‌లో పన్నెండున్నరేళ్ల శిక్ష పడింది. అలాంటి చోట్ల దొంగసొమ్ము కూడా తిరుగుతుంది. మీరు కష్టపడి వెబ్‌సైట్ చేసి సంపాదించిన కాయిన్ ఇచ్చి, ఎవరిదో దోచుకున్న కాయిన్ తెచ్చుకోవడం ఎందుకు?

ఎక్స్‌చేంజి సంగతి నా అనుభవం నుంచి చెబుతాను. కొన్నేళ్ల కిందట మిక్స్ చేసిన కాయిన్ ఒకటి నేరుగా ఒక ఎక్స్‌చేంజికి పంపాను. ఖాతా ఆపేశారు. ఐదు వారాలు పట్టింది. క్లయింట్‌కు పంపిన ఇన్‌వాయిస్‌లు, ఈమెయిళ్లు, మొదట కాయిన్ వచ్చిన లావాదేవీ, అన్నీ పంపాక తెరిచారు. కాగితాలు దాచుకుని ఉండకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అప్పటి నుంచి నేను అమ్మదలచుకున్న కాయిన్‌ను మిక్స్ చేయను. ఎక్స్‌చేంజికి మన పాన్, ఆధార్ ముందే తెలుసు, వాళ్ల దగ్గర దాచడానికి ఏమీ లేదు. మన దేశంలో 2023 మార్చి నుంచి క్రిప్టో సేవలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఎక్స్‌చేంజిలు కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూ దగ్గర నమోదు కావాలి, అనుమానాస్పదంగా కనిపించిన లావాదేవీలను అక్కడికి తెలియజేయాలి. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ 2022 నుంచి ఉన్నాయి. మీకు వచ్చిన ప్రతి చెల్లింపునూ, ఆ రోజు రూపాయల విలువతో సహా రాసిపెట్టుకుని మీ సీఏకు చూపించండి. క్లయింట్ కంట పడకుండా ఉండాలనుకోవడం మీ హక్కు, దాని కోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను. పన్ను లెక్క దానితో కలపకండి.

ఇప్పుడు మీ అసలు సమస్యకు వద్దాం. మీరు తప్పించుకోవాలనుకుంటున్నది ఒక క్లయింట్ చూపు నుంచి. అతని చేతిలో విశ్లేషణ కంపెనీ లేదు, బ్లాక్‌చెయిన్‌ను ఎవరైనా వెతికి చూసుకునే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైట్ ఒకటి ఉంది. ఈ పాటి దానికి మిక్సింగ్ లేకుండానే చాలావరకు పని జరుగుతుంది. ప్రతి ఇన్‌వాయిస్‌కు కొత్త అడ్రస్ ఇవ్వండి. ఇద్దరు క్లయింట్ల డబ్బును వాలెట్‌లో వేర్వేరు ఖాతాల్లో ఉంచండి, ఎప్పుడూ ఒకే లావాదేవీలో కలపకండి. చిన్న బిల్లులను లైట్నింగ్‌లో తీసుకోండి. క్లయింట్ వాలెట్‌కు పేజాయిన్ అనే సదుపాయం వచ్చి ఉంటే, చెల్లించే వాళ్ల కాయిన్, మీ కాయిన్ ఒకే లావాదేవీలో ఇన్‌పుట్‌లుగా వెళ్తాయి. అప్పుడు "కలిసి ఖర్చయినవన్నీ ఒకరివే" అన్న సూత్రమే తప్పుతుంది. ఒకే అడ్రస్ వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలంటే సైలెంట్ పేమెంట్స్ అనే పద్ధతి ఉంది (బిట్‌కాయిన్ మెరుగుదల ప్రతిపాదనల్లో 352వది, బిప్ 352). ప్రతి చెల్లింపు బ్లాక్‌చెయిన్ మీద వేరే అడ్రస్‌కే వెళ్తుంది. అన్ని వాలెట్లకూ ఇంకా రాలేదు, క్లయింట్‌ను ముందు అడగండి.

మీరు ఇప్పటికే మూడు రౌండ్లు తిప్పిన రెండు 0.05 కాయిన్లు అలాగే ఉండనివ్వండి. ఈ రాత్రి చేయాల్సింది ఒక్కటే. వాలెట్ తెరిచి, కాయిన్ల జాబితాలో ఆ 0.03 చిల్లర ఎక్కడుందో చూసి, ఫ్రీజ్ చేయండి. అది ఇప్పటికే ఏదైనా 0.05తో కలిసి ఖర్చయి ఉంటే, ఆ చెల్లింపు నుంచి మీకు తిరిగి వచ్చిన చిల్లర మొత్తాన్ని, కొలత, తేదీతో సహా ఇక్కడ రాయండి. అడ్రస్ మాత్రం పెట్టకండి. దాని నుంచి ఏం కాపాడుకోవచ్చో చూద్దాం.